విలియం విథరింగు

పూర్వకాలమున నీరుపట్టు వ్యాధి యనిన జనులు మిక్కిలి భయపడుచుండిరి. మొదట పాదములు వాచును. చీలమండపై వ్రేలితో నొక్కినచో గుంటపడి, ఆ గుంట కొంతసేపటి దాక పూడదు. పిదప కాళ్లు, తొడలు, ఉదరము వరుసగా నీటితో నిండును. రోగి వెల్లకిల పరుండలేడు. పరుండినచో ఊపిరి ఆడదు. రాత్రి యంతయు దిండ్ల నానుకొని కూర్చుండి తెల్లవారుటకై ఎదురుచూచుచుండును. వైద్యులు విరేచనముల నిచ్చుచుండిరి, రక్తము తీయుచుండిరి, కడుపునకు గొట్టము గ్రుచ్చి నీరు వెడలించుచుండిరి. కొలదిదినములలో ఆ నీరు మరల చేరుచుండెను. ఈ వ్యాధి పెక్కుమారులు గుండె దౌర్బల్యము వలన కలుగునని నేడు మనకు తెలియును. ఆ కాలమున ఆ సంగతి స్పష్టముగా తెలిసినవారు లేరు. అట్టి కాలమున ఇంగ్లండు దేశమందలి ఒక వైద్యుడు, పల్లెటూళ్ల కంచెల ప్రక్కన పెరుగు ఒక పూలమొక్క ఆకును పదియేండ్లు పరీక్షించి, దానిని నమ్మదగిన మందుగా లోకమున కొసగెను. అతడే విలియం విథరింగు.

ఇతడు 1741వ సంవత్సరము మార్చి నెల 17వ తేదీన, ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున వెల్లింగ్టను అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి మందులు కూర్చి ఇచ్చుచు వైద్యము చేయువాడు. కావున రోళ్ల చప్పుడును, ఎండిన మూలికల వాసనయు ఈ బాలునకు పుట్టినింటి సొత్తులే. ఇరువదియొకటవ యేట స్కాట్లండు దేశమునకు పోయి, వైద్యవిద్యకు పేరుపొందిన ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, 1766లో వైద్యపట్టమును పొందెను.

ఈ విద్యార్థి దశలో ఒక విచిత్రము కలదు. విథరింగునకు వృక్షశాస్త్రమనిన ఏమాత్రము రుచింపలేదు. ఆ శాస్త్రమును బోధించు ఆచార్యుడు మంచి విద్యార్థికి బంగారు పతకము నిచ్చుచుండెను. ఆ పతకము సైతము ఆ చదువుపై తనకు గల ఏవగింపును పోగొట్టజాలదని అతడు తలిదండ్రులకు జాబు వ్రాసెను. తరువాతి కాలమున ఇతని పేరు నిలిపినది మాత్రము వృక్షశాస్త్రమే. నేటి బాలురలో గణితమును గాని వ్యాకరణమును గాని చూచి ముఖము ముడుచుకొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొనిన నష్టము లేదు.

1767లో విథరింగు స్టాఫర్డు పట్టణమున వైద్యము ప్రారంభించెను. అది చిన్న ఊరు; రోగులు కొలదిమంది; రాబడి యింకను తక్కువ. అచ్చట ఇతడు చికిత్స చేసిన వారిలో హెలీనా కుక్స్ అను యువతి యొకతె యుండెను. ఆమెకు పూలను చూచి చిత్రించుట వేడుక. ఆమె చిత్రించుటకై విథరింగు పొలముల గట్లు తిరిగి, వాగుల ఒడ్డులు గాలించి, క్రొత్త క్రొత్త పూలను తెచ్చి ఇచ్చుచుండెను. తెచ్చిన పూవు ఏదియో తెలియక ఈయలేడు గదా! పేరు వెదకవలసి వచ్చెను. రేకులను, కేసరములను లెక్కింపవలసి వచ్చెను. ఆచార్యుని బంగారు పతకము చేయలేని పనిని ఆ యువతి కుంచె చేసెను. 1772లో వారిరువురకు వివాహమాయెను. నాలుగేండ్లకు, అనగా 1776లో, బ్రిటను దేశమున తమంత తాము మొలచు మొక్కల నన్నింటిని వర్ణించుచు విథరింగు ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. స్వీడను దేశపు పండితుడు లినేయసు ఏర్పరచిన పద్ధతి ననుసరించి, ఇంగ్లీషు భాషలో, సామాన్యులకు తెలియునట్లు వ్రాసిన గ్రంథమది. మాటిమాటికి అచ్చుపడి, చాలకాలము జనుల చేతులలో నలిగెను.

ఇంతలో బర్మింగ్‌హాము నగరమున విలియం స్మాలు అను పేరుగల వైద్యుడు 1775లో మరణించెను. ఆ స్థానమునకు రమ్మని లిచ్‌ఫీల్డునందలి వైద్యుడు ఇరాస్మస్ డార్విను విథరింగునకు జాబు వ్రాసెను. జీవపరిణామ సిద్ధాంతమును ప్రకటించిన ఛార్లెస్ డార్వినునకు ఈ ఇరాస్మస్ తాత. విథరింగు ఆ సంవత్సరముననే బర్మింగ్‌హాము చేరెను. అది యంత్రముల పుట్టినిల్లు. ఆవిరి యంత్రమును బాగుచేసిన జేమ్సు వాటు, కర్మాగారముల యజమాని మాథ్యూ బోల్టను, ప్రాణవాయువును కనుగొనిన జోసఫ్ ప్రీస్ట్‌లీ మున్నగువారు నెలకొకమారు పున్నమి దినమునకు దగ్గరగా కలిసికొని శాస్త్ర విషయములు చర్చించుచుండిరి. రాత్రివేళ వెన్నెలలో ఇండ్లకు పోవుట సులభమని పున్నమిని ఎంచుకొనిరట. అందుచేత ఆ గోష్ఠికి చంద్రుని పేరే వచ్చెను. విథరింగు ఆ గోష్ఠిలో చేరెను.

1775లోనే విథరింగు వద్దకు ఒక ప్రశ్న వచ్చెను. ష్రాప్‌షైరు మండలమున ఒక వృద్ధురాలు నీరుపట్టు వ్యాధికి కషాయ మిచ్చుచుండెను. ఆ మందు వారి యింటి రహస్యము. గొప్ప వైద్యులు వదలిన రోగులు కూడ కొందరు దానిచేత కోలుకొనుచుండిరి. దానిని గూర్చి అభిప్రాయము తెలుపుమని కొందరు విథరింగును కోరిరి. ఆ కషాయమున ఇరువది గాని, అంతకు మించి గాని మూలికలుండెను. అది త్రాగినవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగుచుండెను. నీరు తీయు గుణమును మాత్రము ఎవరును గమనించినట్లు లేదు.

ఇట్టి మందును చూచినప్పుడు చదువుకొనిన వైద్యులు సాధారణముగా నవ్వి ఊరకుందురు. విథరింగు నవ్వలేదు. ఇరువది మూలికలలో ఏది పనిచేయుచున్నదని యోచించెను. ప్రతి మూలిక గుణమును ఎరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు కావున ఒక్కొక్కదానినే ప్రక్కకు నెట్టివేయగా, తుదకు ఒకటి మిగిలెను. ఇంత శక్తి గలది ఫాక్స్‌గ్లోవ్ అను మొక్క తప్ప వేరొకటి కానేరదని నిశ్చయించుకొనెను.

ఆ వృద్ధురాలి పేరు హట్టన్ అని కొన్ని పుస్తకములలో కనబడును. ఆ పేరు విథరింగు గ్రంథమున లేదు. అతడు ఆమెను కలిసికొనినట్లు కూడ అందు లేదు. ఇరువదవ శతాబ్దమున మందులమ్మువారు ప్రకటనకై వ్రాయించిన యొక చిత్రము నుండి ఆ పేరు వ్యాపించెను. కథ వినసొంపుగా నున్నది గాని, నిజముగా పేరు తెలియని ఆ పల్లెటూరి వృద్ధురాలికే మనము ఋణపడియున్నాము.

ఫాక్స్‌గ్లోవ్ అనగా నక్క చేతితొడుగు అని యర్థము. ఆ మొక్క మనిషి ఎత్తు పెరుగును. మొదటి యేడు నేలకంటుకొని ఆకులు మాత్రము వేయును. రెండవ యేడు నిటారుగా కాడ లేచి, దాని కొకప్రక్కగా ఊదారంగు పూలు గంటలవలె వ్రేలాడును. పూవు లోపల మచ్చలుండును. వ్రేలు దూర్చిన సరిగా పట్టును. దర్జీలు వ్రేలికి పెట్టుకొను తొడుగు పోలిక గలదని, లేనార్డు ఫుక్సు అను జర్మను పండితుడు 1542లో దీనికి డిజిటాలిస్ అని లాటిను పేరు పెట్టెను. చూచుటకెంత అందమైనదో తినుటకంత విషము.

మూలికను కనుగొనుట సగము పని మాత్రమే. ఎంత ఈయవలెను? ఎప్పుడు ఈయవలెను? ఎప్పుడు మానవలెను? ఇది తెలియనిచో ఆ ఆకు మందు గాదు, మృత్యువే. దీనికి విథరింగు తన పుస్తకమున ఒక నిదర్శనము చెప్పెను. యార్కుషైరునకు చెందిన యొక వర్తకునకు ఉబ్బస మెక్కువ కాగా, అతని భార్య గుప్పెడు పచ్చి ఆకులను అరపైంటు నీటిలో కాచి, ఆ రసమునంతయు ఒక్కమారే త్రాగించెను. విథరింగు చూచునప్పటికి అతడు ఎడతెగక వాంతులు చేసికొనుచుండెను. చూపు మసకలు క్రమ్మెను. నాడి నిమిషమునకు 40 మార్లు మాత్రమే కొట్టుకొనుచుండెను. ఆ ఇల్లాలికి తన నాటి మందు తెలియును గాని దాని మోతాదు తెలియదని విథరింగు వ్రాసెను. వర్తకుడు చావు తప్పి బయటపడెను.

ఐతే విథరింగు మాత్రము తొలినాళ్లలో తప్పు చేయలేదా? చేసెను. నక్కవుల్లిగడ్డ అను మరియొక మందు కూడ నీరు తీయును. దానిని వికారము పుట్టునంత వరకు ఇచ్చినప్పుడే అది చక్కగా పనిచేయునని వైద్యులెరుగుదురు. ఫాక్స్‌గ్లోవ్ కూడ అట్టిదే యని విథరింగు ఊహించి, రోగులకు వాంతులు పుట్టువరకు పెద్ద మోతాదులిచ్చెను. ఈయవలసిన దానికన్న ఎక్కువ దినములిచ్చెను. ఒక మందునకు చెల్లిన న్యాయము మరియొక మందునకు చెల్లునని అనుకొనుటయే ఇందలి పొరపాటు. క్రమముగా రోగులను చూడగా చూడగా సంగతి తారుమారుగా కనబడెను. విరేచనములు పట్టుకొనిన వారికి నీరు సరిగా తీయుట లేదు. మెల్లగా, తక్కువ మోతాదున పుచ్చుకొనిన వారికే మూత్రము ధారాళముగా వెడలి వాపు దిగుచున్నది.

ఇంత చూచుటకు అతనికి రోగులెక్కడివారు? విథరింగు దినమున కొక గంట కాలము బీదలకు ఉచితముగా వైద్యము చేయుచుండెను. ఏటేట రెండు మూడు వేలమంది బీదలు అతని వాకిట చేరుచుండిరి. ఈ మందును మొదట పుచ్చుకొనినవారు వారే. క్రొత్తమందును ఈ విధముగా బీదలపై పరీక్షించుట తగునా యని నేటివారు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. నేడైనచో రోగికి సంగతియంతయు తెలిపి, అతని సమ్మతిని పొందవలయును. పెద్దల సంఘము అనుమతింపవలయును. ఆ కాలమున ఇట్టి నియమములు లేవు. విథరింగు పక్షమున చెప్పదగినది ఒకటే: ఆ రోగులకు జరిగిన మేలును గాని కీడును గాని అతడు దాచలేదు.

ఒకానొక సమయమున బర్మింగ్‌హాము వైద్యుడు జాన్ ఆష్ ఒక వార్త తెచ్చెను. ఆక్స్‌ఫర్డు నందలి బ్రేజనోజు కళాశాలాధ్యక్షుడు నీరుపట్టు వ్యాధితో బాధపడుచు, గొప్ప వైద్యులు ఆశ వదలుకొనిన పిదప, ఫాక్స్‌గ్లోవ్ వేరు పుచ్చుకొని స్వస్థుడాయెనట. ఈ వార్త విథరింగునకు బలము నిచ్చెను. ఐనను అతడు వేరును ముట్టలేదు. రెండేండ్లు బ్రదుకు మొక్క వేరు ఒకప్పుడొక బలముతో, వేరొకప్పుడు వేరొక బలముతో నుండును. దానిని నమ్మి తూకము చెప్పుట ఎట్లు? ఆకు బలము కూడ ఋతువును బట్టి మారుచుండుట అతడు గమనించెను. కావున మొక్క పూతకు వచ్చిన సమయమున మాత్రమే ఆకును కోయవలెననియు, కాడను, నడిమి ఈనెను తీసివేసి, జాగ్రత్తగా ఎండబెట్టి పొడి చేయవలెననియు నిర్ణయించెను. మొదట ఆకులను కాచి కషాయముగా నిచ్చుచుండెడివాడు. కాచినప్పుడు బలము నిలుకడగా నుండదని గ్రహించి, వేడినీటిలో నానవేసి ఇచ్చెను. తుదకు పొడియే మేలని తలచెను. పెద్దలకు ఒకటి మొదలు మూడు గ్రెయిన్ల వరకు దినమునకు రెండుమార్లు చాలునని తేల్చెను. మన గురిగింజ ఎత్తు ఇంచుమించు రెండు గ్రెయిన్లు. అనగా గుప్పెడు ఆకులు త్రాగించిన చోట గురిగింజెడు పొడి చాలునన్నమాట!

దీనితోపాటు ఒక నియమమును కూడ ఏర్పరచెను. మందు మూత్రము మీద గాని, కడుపు మీద గాని, నాడి మీద గాని, ప్రేగుల మీద గాని పనిచేయు వరకు ఈయవలెను. వీనిలో ఏ యొక్క సూచన మొదట కనబడినను వెంటనే మానవలెను. మితిమీరినచో వికారము, వాంతులు, తలతిరుగుట, వస్తువులు పచ్చగా గాని ఆకుపచ్చగా గాని కనబడుట, నాడి నిమిషమునకు 35 వరకు పడిపోవుట, చెమటలు, మూర్ఛ, తుదకు మరణము కలుగునని వివరముగా వ్రాసెను. గుండె కదలికపై ఈ మందునకు గల అధికారము మరి యే మందునందును కానరాలేదని కూడ గుర్తించెను. వ్యాధికి మూలము గుండెయే యని మాత్రము అతడు చెప్పలేదు. మందు ముఖ్యముగా మూత్రమును పెంచునదియే యని తలచెను. వాకిలి వరకు వచ్చి తలుపు తట్టక మరలినట్లున్నది ఈ సంగతి. ఐనను అది ఆ కాలపు పరిమితియే గాని అతని లోపము గాదు.

ఇచ్చట ఒక చేదు కథ చెప్పవలసియున్నది. 1776లో ఒక స్త్రీకి వ్యాధి ముదిరినప్పుడు డార్వినును, విథరింగును కలిసి చూచిరి. ఫాక్స్‌గ్లోవ్ ఇచ్చి చూతమని చెప్పినవాడు విథరింగు. ఆమె కోలుకొనెను. 1778లో డార్వినుగారి పెద్దకుమారుడు, ఎడింబరోలో వైద్యము చదువుచు, చిన్నవయసున మరణించెను. పుత్రశోకమున నున్న తండ్రి, కుమారుని వ్యాసమును 1780లో అచ్చువేయించుచు, దానికి చివర ఫాక్స్‌గ్లోవ్ వలన బాగుపడిన రోగుల వృత్తాంతములను కొన్ని చేర్చెను. అందు విథరింగు పేరు లేదు. తన్ను బర్మింగ్‌హామునకు పిలిచిన మిత్రుడే యిట్లు చేయుట విథరింగును నొప్పించెను. క్రమముగా స్నేహము చెడెను. తుదకు ఒకరి ముఖము నొకరు చూడని స్థితి వచ్చెను. గొప్పవారి నడుమ కూడ ఇట్టివి జరుగుచుండును.

ఈలోపల మందు పేరు వ్యాపించెను. 1783లో ఎడింబరో వైద్యుల ఔషధ గ్రంథమున చేరెను. పేరుతోపాటు ప్రమాదమును వ్యాపించెను. మోతాదు తెలియని వైద్యులు ఎక్కువగా నిచ్చి రోగులను బాధింపసాగిరి. ఇట్లే సాగినచో మంచి మందు విషమను అపకీర్తి పాలై మూలపడునని విథరింగు భయపడెను. పదియేండ్ల అనుభవమును 1785లో పుస్తకముగా ప్రకటించెను. మొక్కను గుర్తుపట్టుటలో ఎవరును పొరపడకుండుటకై దాని రంగుల చిత్రమును చేర్చెను.

ఆ పుస్తకమున 160కి పైగా రోగుల వృత్తాంతములు గలవు. ఏ సంవత్సరము, ఎట్టి రోగి, ఎంత మందు, ఏమాయెను అని వరుసగా వ్రాసెను. బాగుపడినవారిని మాత్రమే ఏరి వ్రాసినచో మందునకు ఎంతో పేరు వచ్చెడిది. తన కీర్తియు పెరిగెడిది. కాని సత్యమును, శాస్త్రమును ఆ పనిని గర్హించునని చెప్పి, తగినది, తగనిది, గెలిచినది, ఓడినది అను భేదము లేక తాను ఈ మందిచ్చిన ప్రతివానిని గూర్చియు వ్రాసితినని పీఠికలో తెలిపెను. చనిపోయినవారును అందున్నారు, తాను మోతాదు మించి ఇచ్చిన వారును ఉన్నారు. ముప్పదియేండ్లు బడిలో పనిచేసిన నాకు, మంచి మార్కులు వచ్చిన కాగితములను మాత్రమే ఇంట చూపి తక్కినవానిని చూరులో దోపు పిల్లలు పెక్కుమంది తెలియుదురు. పెద్దలలోను ఆ గుణము తక్కువేమి కాదు. అందుచేతనే ఆ పీఠిక నాకు ఆ మందు కన్నను గొప్పగా తోచును.

ఆ సంవత్సరమే లండను రాయల్ సొసైటీ వారు విథరింగును సభ్యునిగా చేర్చుకొనిరి. అతడు ఖనిజములను కూడ పరీక్షించుచుండెను. అతడు గుర్తించిన యొక బేరియము ఖనిజమునకు విథరైటు అను పేరు నేటికిని కలదు. 1791 జూలైలో బర్మింగ్‌హామున అల్లరిమూకలు చెలరేగి ప్రీస్ట్‌లీ ఇల్లును, ప్రయోగశాలను తగులబెట్టినప్పుడు, విథరింగు కాపురమున్న ఎడ్జ్‌బాస్టను భవనము మీదికిని వచ్చిరి. సైనికులు వచ్చుటచేత అది దక్కెను.

ఊపిరితిత్తుల వ్యాధి అతనిని చిరకాలము బాధించెను. ఇంగ్లండు చలికి తాళలేక 1792లోను, మరుసటి యేడును శీతకాలములు పోర్చుగల్లు దేశమున గడపెను. అచ్చటను ఊరకుండక, కాల్డాస్ ద రాయ్‌న్యా వేడినీటి బుగ్గల నీటిని పరీక్షించెను. ఆ గాలి తన వ్యాధికి గుణమీయలేదు. 1799 అక్టోబరు 6వ తేదీన, 58వ యేట, కన్నుమూసెను. ఎడ్జ్‌బాస్టను పాత దేవాలయమున నున్న అతని స్మారక ఫలకముపై ఫాక్స్‌గ్లోవ్ మొక్కను చెక్కిరి.

అతడు తట్టక మరలిన తలుపును తరువాతివారు తెరచిరి. ఇరువదవ శతాబ్దారంభమున జేమ్సు మెకంజీ అను వైద్యుడు, గుండె లయ తప్పి కొట్టుకొను రోగులకు ఈ మందు విశేషముగా పనిచేయుటను చూపెను. 1930లో సిడ్నీ స్మిత్ అను రసాయనికుడు అదే జాతికి చెందిన మరియొక మొక్క ఆకు నుండి డిజాక్సిన్ అను శుద్ధ ద్రవ్యమును వేరుచేసెను. గుండె కండర కణములలో సోడియము, పొటాషియములను ఇటునటు నడపు యంత్రాంగమును అది కొంత అడ్డగించును. అందుచేత కండరములో కాల్షియము హెచ్చి, గుండె బలముగా ముడుచుకొనును. నరముల ద్వారా నాడి వేగమును తగ్గించును. 1997లో 6,800 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడెను. ఈ మందు మొత్తముపై ఆయువును పెంచదనియు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరమును తగ్గించుననియు అందు తేలెను. అందును గెలుపును, ఓటమిని కలిపియే వ్రాసిరి.

నేడు డిజాక్సిన్ మిల్లీగ్రాములో నాలుగవ వంతు గాని, అంతకు తక్కువ గాని గల చిన్న మాత్రగా దొరకును. ఆసుపత్రిలో నర్సు ఆ మాత్రను రోగి చేతికిచ్చుటకు ముందు నాడిని పట్టి నిమిషము పాటు లెక్కించును. అన్నము సహించుచున్నదా, వికారముగా నున్నదా, వస్తువులు పచ్చగా కనబడుచున్నవా యని వైద్యుడు రోగిని అడుగును.